నడినెత్తిన సూర్యుడు నిజంగా ఉన్నాడా?

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడ మాయమవుతుంది. హైదరాబాద్‌ నాచారంలో నాలుగో తరగతి పిల్లలనే కాదు, వాళ్లను బడి దగ్గర దింపే పెద్దలను అడిగినా ఇదే మాట చెబుతారు. ఈ నగరంలో ఇది ఏడాదికి రెండు సార్లే నిజం: మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. మిగతా రోజుల్లో మధ్యాహ్నం కూడా నీడ పడుతూనే ఉంటుంది. జవాబు తెలుసనుకుంటాం కాబట్టి కిందికి చూడం.

ఆధారాన్ని బట్టి నిర్ణయానికి రావడం పసివాళ్లకు నేర్పాలంటే, ఈ నీడను కొలవడమంత చవకైన, గట్టి పాఠం నాకు మరొకటి కనిపించలేదు. పిల్లలే ప్రయోగం చేసి పిల్లలే జవాబు రాసుకునే పద్ధతి మనకు కొత్తదీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైంది. తెలుగునాట 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, దాని పిల్లల పత్రిక 'చెకుముకి' ఆ దారిలోనే నడిచాయి. నాచారం పక్కనే హబ్సిగూడలో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థల్లో పెద్దలు చేసేదీ మూలంలో ఈ పనే.

బడి ఆవరణలో మీటరు పొడవు కర్ర పాతాలి. గోడ కట్టే మేస్త్రీ చూసుకున్నట్టు దారానికి గుండు వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో పిల్లలే చూడాలి. కొలిచే ముందు ప్రతి ఒక్కరూ తమ ఊహను నోటుబుక్కులో రాయాలి. ఈ మెట్టు దాటేస్తే పాఠం సగం పోయినట్టే. రాసిన ఊహ తప్పని తేలినప్పుడే పిల్లలు ఆలోచనలో పడతారు.

పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెడుతూ పోతే, అన్నిటికంటే పొట్టి నీడ 12కి కాక, ఏడాది సగటున దాదాపు పావుగంట తర్వాత పడుతుంది. మన గడియారాలు కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. హైదరాబాద్ దానికి పడమరగా నాలుగు డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు ఆలస్యం. అయితే ఒక జట్టు 12.10 అంటుంది, ఇంకో జట్టు 12.20 అంటుంది. టీచరు వెంటనే తీర్పు చెప్పకూడదు. ఎవరి కర్ర వంగింది, ఎవరి గుర్తు మందంగా ఉంది, మళ్లీ కొలుద్దామా అన్న వాదనలోనే అసలు చదువు ఉంది.

నెలకోసారి కొలిస్తే మరో వింత బయటపడుతుంది. డిసెంబరు 21న మధ్యాహ్నపు నీడ 86 సెంటీమీటర్ల దాకా ఉత్తరంగా సాగుతుంది. జూన్ 21న పది సెంటీమీటర్లకు కుంచించుకుపోయి దక్షిణం వైపు తిరుగుతుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. 'భూమి వంగి ఉంది కాబట్టి' అని ఎవరో ఒకరు పుస్తకంలోని వాక్యం అందుకుంటారు. ఆ వాక్యం నిజమే, కానీ ఈ కర్ర చెప్పింది అది కాదు. మధ్యాహ్నం సూర్యుడుండే చోటు ఏడాది పొడవునా మారుతోందని మాత్రమే చెప్పింది. చదివిన దాన్ని, చూసిన దాన్ని విడదీసి చెప్పగలిగిన పిల్లవాడు, పాఠం మొత్తం అప్పజెప్పిన వాడికంటే ముందున్నాడని నా నమ్మకం.

ఇలాంటి ప్రయోగానికి ఇంట్లోనైతే పెసలు చాలు. మొలకకు ఎండ కావాలా? రెండు గిన్నెల్లో ఒకే గుడ్డ, అవే పెసలు, అంతే నీళ్లు. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి అలమరలో. వెలుగు ఒక్కటే మారాలి. చీకట్లోనూ మొలకలు వస్తాయి, కాకపోతే పాలిపోయి పొడుగ్గా సాగుతాయి. దీన్నిబట్టి మొక్కకు ఎండ అక్కర్లేదని తేల్చేస్తే, మొలక గురించి అడిగి మొక్క గురించి చెప్పినట్టవుతుంది.

నీడ మాయమయ్యే మే 9 వేసవి సెలవుల్లో వస్తుంది, అది తల్లిదండ్రుల వంతు. సూర్యుణ్ని నేరుగా చూడవద్దని చెప్పి, 12.12కి పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లండి, జవాబు మాత్రం ముందే చెప్పకండి. ఆగస్టు 3న బడులుంటాయి, కానీ వానాకాలం. టీచర్లకు నా మనవి ఒక్కటే: మబ్బు పట్టి నీడ పడకపోతే నోటుబుక్కులో ఆ రోజు కొలత రాసే చోట 'కొలవలేకపోయాం' అని రాయించండి, అంకె ఊహించి నింపనివ్వకండి.