ఆ పన్నెండు మందిలో ఒకడు

హార్పర్ లీ 1960లో వెలువరించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలను నంద్యాల పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను అసలు వివరించనక్కర్లేనిది టామ్ రాబిన్సన్ ఎడమ చెయ్యి గురించి. చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి నలిగిపోయిన చెయ్యి అది. 1906 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మనది. ‘నరసింహ’ పత్తి రకం ఇక్కడే పుట్టింది. నల్లరేగడి చేలల్లోంచి కాలేజీకి వచ్చిన పిల్లలకు జిన్నింగ్ మిల్లు తెలుసు. అందులో చెయ్యి పడితే ఏమవుతుందో కూడా తెలుసు.

కథ అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే కల్పిత ఊళ్లో, 1930లలో నడుస్తుంది. మయెల్లా యూయెల్ అనే తెల్లపిల్లపై అత్యాచారం చేశాడని నల్లజాతి కూలీ టామ్ మీద కేసు. ఆ పిల్ల ముఖానికి తగిలిన దెబ్బలన్నీ కుడివైపే. ఎదురుగా నిలబడి అటువైపు కొట్టాలంటే ఎడమ చెయ్యి ఆడాలి. టామ్‌కు ఆడనిది ఆ చెయ్యే. పిల్ల తండ్రిదేమో ఎడమచేతివాటం. టామ్ తరఫు లాయరు అటికస్ ఫించ్ ఇదంతా కోర్టులో అందరి కళ్ల ముందు పెడతాడు. అయినా పన్నెండు మంది తెల్లవాళ్ల జ్యూరీ టామ్‌ను దోషి అంటుంది. ఆ తర్వాత జైలు కంచె దాటబోతుంటే కాపలావాళ్లు కాల్చిన తూటాలు 17 అతని ఒంట్లో దిగుతాయి. ఇది ఊహించి రాసిన కథే అయినా, 1931లో అదే అలబామాలో స్కాట్స్‌బరో దగ్గర తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద ఇలాంటి అబద్ధపు కేసే నడిచింది.

క్లాసు నిశ్శబ్దమైపోయే చోటు తీర్పు కాదు. అంతకు ముందు, ఆ పిల్లకు ఊరికే ఎందుకు పనులు చేసిపెట్టావని టామ్‌ను ప్రాసిక్యూటరు అడుగుతాడు. ఆమెను చూస్తే జాలేసిందని టామ్ నిజం చెప్పేస్తాడు. అక్కడితో అతని పని అయిపోయింది. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలిపడడాన్ని ఆ కోర్టు సహించలేదు. ఒకసారి వెనక బెంచీ కుర్రాడు లేచాడు. “సార్, ఆ మాట అనకపోయింటే బతికిపోయేవాడు.” ముందు వరసలో ఉన్న అమ్మాయి వెనక్కి తిరిగి జవాబిచ్చింది. “బతకనిచ్చేవాళ్లు కాదు. వాళ్ల లోపల ఉన్నది ఆ మాటతో బయటికొచ్చింది, అంతే.” ఆ అమ్మాయికి అమెరికా చరిత్ర ఎవరూ చెప్పలేదు. కిందివాడు పైవాడి మీద జాలిపడితే ఊరు ఎట్లా చూస్తుందో తెలుసు కాబట్టి చెప్పగలిగింది.

గైడు పుస్తకాలన్నీ ఈ నవలకు ఒకే జవాబు రాస్తాయి. ఎవరికీ హాని చెయ్యని పాటల పిట్టను చంపడం పాపం, టామ్ అలాంటి పిట్ట, అమాయకుడు. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. అమాయకత్వం టామ్‌ను కాపాడలేదు, అది అతను ఎంచుకున్న గుణమూ కాదు. పైగా హార్పర్ లీ అతనికి మంచితనం ఇచ్చింది గానీ కోపం ఇవ్వలేదు, ఇల్లూ భార్యాపిల్లలూ ఉన్న మనిషిగా అతని మనసులోకి మనల్ని పోనివ్వలేదు. ఆ నవలకున్న లోటు అది. దాన్ని పూడ్చుకోవడానికి నా విద్యార్థుల చేత అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదివిస్తాను. చదవగలిగినవాళ్లకు టోనీ మోరిసన్ 1987 నవల ‘బిలవెడ్’ ఇస్తాను. అన్యాయం పడ్డవాడు ఎప్పుడూ మెత్తగా, అణగిమణగి ఉంటేనే మన కన్నీళ్లకు అర్హుడనుకోవడం కూడా అన్యాయమే.

మెల్విల్ రాసిన ‘బిల్లీ బడ్’ ఈ విషయంలో ఇంకా నిర్దయగా నడుస్తుంది. 1891లో ఆయన పోయాక 1924లో గానీ అది అచ్చుకాలేదు. అందులో బిల్లీ అందరూ ఇష్టపడే నావికుడు. తిరుగుబాటుకు కుట్ర పన్నాడని ఓడలో పై అధికారి క్లాగర్ట్ అబద్ధం చెబితే, నత్తి అడ్డొచ్చి బిల్లీకి మాట రాదు, చెయ్యి లేస్తుంది. క్లాగర్ట్ చచ్చిపోతాడు. బిల్లీ మనసు నిర్మలమని తెలిసిన కెప్టెన్ వీరే అతన్ని ఉరికి పంపిస్తాడు. ఈ కథ చదివిన ప్రతిసారీ నా చూపు బిల్లీ మీద కంటే కెప్టెన్ మీదే ఎక్కువసేపు నిలుస్తుంది. ఎందుకంటే శీలపరీక్ష ఆయనకే. అన్నీ తెలిసినవాడు ఆయనే.

నవలలు చదివించే పనిలో నేను పట్టుకున్న పద్ధతి ఇదే. బాధితుడి కోసం ఏడవడం పిల్లలకు వచ్చు. అటికస్‌లాగా నిలబడతామనుకోవడమూ వచ్చు. నేను వాళ్లను జ్యూరీ బల్ల మీద కూర్చోబెడతాను. సాక్ష్యాలన్నీ చదివాక పుస్తకం మూయిస్తాను. టామ్ చేశాడా లేదా అని అడగను, అది అందరికీ తెలిసిందే. రేపు పొద్దున మీ ఊళ్లో, మీ వాళ్ల మధ్య, ఈ మాట పైకి చెబుతారా అని అడుగుతాను.

అప్పుడు 23వ అధ్యాయం తెరుస్తాం. టామ్‌ను చంపడానికి జైలు ముందుకు వచ్చిన గుంపులో వాల్టర్ కన్నింగ్‌హామ్ ఉన్నాడు. పేద రైతు. అతని దగ్గరి బంధువు ఒకడు జ్యూరీలో కూర్చున్నాడు. టామ్‌ను వదిలేయాలని మొదట్నుంచీ పట్టుబట్టినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు గంటల తరబడి నచ్చజెప్పి, చివరికి అతన్ని లొంగదీశారు. అతని పేరు కూడా నవలలో లేదు. అమెరికా సాహిత్యంలో నాకు అన్నిటికన్నా విలువైన మనుషుల్లో అతనొకడు. ఇంకొకడు మార్క్ ట్వేన్ హక్ ఫిన్. పారిపోయిన బానిస జిమ్ జాడ చెప్పే ఉత్తరం రాసి, చింపేస్తాడు. అలా చేస్తే నరకానికి పోతానని ఆ కుర్రాడు నిజంగా నమ్మాడు, నమ్మి కూడా చింపాడు. నండూరి రామమోహనరావు తెలుగులో మన పిల్లలు ఎన్నో ఏళ్లు ఆ కథను అల్లరి పిల్లాడి కథగా చదివారు. అది అంతకంటే చాలా పెద్దది.

మన దేశంలో క్రిమినల్ కేసులకు జ్యూరీ 1973 నాటి కోడ్‌తో పూర్తిగా పోయింది. నిజం పైకి చెప్పే ఆ బరువు సాక్షి మీద పడింది. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు సాక్షి అంటే ఏమిటో చెప్పాలా? బోనెక్కేలోపు రాజీకి ఎవరెవరు వస్తారో, ఎక్కినవాడు ఎందుకు అడ్డం తిరుగుతాడో తెలుసు. సీమ పేరు మీద తీసిన సినిమాల్లో పగ తీర్చుకున్నవాడే హీరో. భయపడుతూనే చూసింది చూసినట్టు చెప్పిన మనిషి కథ ఆ తెర మీద నాకు కనబడలేదు. అది నన్ను బాధపెడుతుంది. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లో ఆమోదం ఇచ్చింది. కాగితం మీది రక్షణ పల్లె గడపదాకా రావాలి.

అన్యాయం అమాయకుడికి శిక్ష రూపంలోనే రాదు, చంపినవాళ్లెవరో తేలకుండా పోవడంగానూ వస్తుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎనిమిది మంది చనిపోయింది మాత్రం నిజం.

మన రేనాడు ఒకప్పుడు తీర్పును తిరగరాసింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసింది. రికార్డుల్లో ఆయన తిరుగుబాటుదారు. జనం మాత్రం పాట కట్టుకుని, తరాలపాటు పాడుకున్నారు. కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డినీ ఆ పాటల్లోనే నిలుపుకున్నారు. తంగిరాల వెంకట సుబ్బారావు వాటిని సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’ పేరుతో అచ్చువేశారు. ఏది ధర్మమో ఈ నేలకు తెలుసనడానికి ఆ పాటలే ఆధారం. అయితే పాట ఉరి తర్వాత వచ్చింది. మనిషి బతికుండగా నోరు తెరిచేవాడు కావాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పే తోటి అధ్యాపకులకు ఒక మనవి. ఈ ఏడాది ‘మాకింగ్‌బర్డ్’ దగ్గరికి వచ్చినప్పుడు పిట్ట మీద పది మార్కుల జవాబు డిక్టేట్ చెయ్యకండి. ఒక పీరియడు మొత్తం 23వ అధ్యాయానికి ఇవ్వండి. ఆ పేరులేని కన్నింగ్‌హామ్ గురించి పిల్లల్ని మాట్లాడనివ్వండి.