ఓడిన ఆటకు సినిమా లేదు

నాకు సినిమా పిచ్చి ముందు పట్టింది, హాకీ పిచ్చి తర్వాత. హాకీ కర్ర పట్టి ఆడినవాణ్ణి కాను. ఆడేవాళ్ళను నలభై ఏళ్ళుగా వదలకుండా చూస్తున్నవాణ్ణి, అందులోనూ ఎక్కువ భాగం ఓడుతున్నప్పుడు చూసినవాణ్ణి. బరంపురంలో పుట్టి పెరగడం వల్ల తెలుగు, హిందీ, ఒడియా సినిమాలు మూడూ ఒకే ఉత్సాహంతో చూడడం అలవాటైంది. ఈ రెండు పిచ్చిలూ కలిసిన సినిమాలు కొన్ని వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ హాల్లో ఈలలు వేసి, ఇంటికి వచ్చాక ఏదో వెలితిగా ఉండిపోయాను. ఆ వెలితి ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2007 ఆగస్టులో వచ్చిన ‘చక్ దే! ఇండియా’తో మొదలుపెట్టక తప్పదు. దర్శకుడు షిమిత్ అమీన్, రచయిత జైదీప్ సాహ్ని. షారుఖ్ ఖాన్ ఇందులో కబీర్ ఖాన్ అనే హాకీ కెప్టెన్. పాకిస్తాన్‌తో ఆటలో చివరి పెనాల్టీ స్ట్రోకు గోల్లోకి కొట్టలేకపోతాడు. ఆట అయ్యాక పాకిస్తాన్ ఆటగాడితో చెయ్యి కలిపిన ఫోటో పత్రికల్లో వస్తుంది. అంతే, ద్రోహి అయిపోతాడు. ముసలి తల్లిని వెంటబెట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. ఏడేళ్ళ తర్వాత ఎవరికీ అక్కరలేని ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా వచ్చి, ప్రపంచ కప్పు గెలిపిస్తాడు. ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. షారుఖ్ ఖాన్ చేతులు చాచకుండా, పాట పాడకుండా, గడ్డం మాసి నిలబడిన సినిమా గనుక నాకు మరీ ఇష్టం.

ఈ సినిమాలో మనవంటి వాళ్ళు గుర్తుపెట్టుకునే సన్నివేశం ఒకటుంది. రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు శిబిరంలో పేర్లు రాయించుకుంటారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన నేత్రా రెడ్డిని అక్కడి పెద్దమనిషి తమిళమ్మాయి అనుకుంటాడు. తెలుగుకూ తమిళానికీ ఏమిటి తేడా అని అడుగుతాడు. పంజాబీకీ బిహారీకీ ఎంత తేడానో అంతేనని ఆ పిల్ల తొణక్కుండా జవాబు చెబుతుంది. హాల్లో మా వరసలో ఉన్న తెలుగువాళ్ళందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఆ అమ్మాయి పదహారు మందిలో ఒకతె అయిపోయింది, అది వేరే సంగతి. పంజాబు పిల్లకూ, హర్యానా పిల్లకూ, చండీగఢ్ పిల్లకూ కథలున్నాయి. మన పిల్లకు ఆ ఒక్క జవాబే దక్కింది.

అదే వరసలో మిజోరం, మణిపూర్ పిల్లలు కూడా ఉంటారు. మీరు మా అతిథులు అని వాళ్ళను ఎంతో మర్యాదగా ఆహ్వానిస్తారు. సొంత దేశంలో అతిథి అనిపించుకోవడం మీకు బాగుంటుందా అని వాళ్ళు ఎదురడుగుతారు. బరంపురంలో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. మా తాతముత్తాతలు ఇక్కడి నేలలోనే కలిశారు. అయినా పండక్కి ‘ఊరు’ వెళ్ళడం లేదా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఏ ఊరు వెళ్ళమంటారో తెలియదు. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ సినిమాలో ఆ ఉద్యోగి కూడా చెడ్డవాడు కాడు. అది సరిగ్గా పట్టుకున్నందుకు ఈ సినిమా మీద నాకు గౌరవం.

కాని కొంచెం సేపటికే మరో వరస వస్తుంది. కోచ్ ఒక్కొక్కరినీ పేరు చెప్పమంటాడు. పేరుతో పాటు రాష్ట్రం చెప్పిన పిల్లను వరసలోంచి తప్పిస్తాడు. ఇండియా అన్నవాళ్ళే అందులో నిలబడాలి. హాలంతా ఊగిపోయిన సన్నివేశమిది, నేనూ ఊగిపోయాను. మా అన్నయ్య కూతురు జిల్లా స్థాయిలో ఆడుతుండేది. టీవీలో ఈ సినిమా చూస్తూ ఆ చోట నా వైపు తిరిగి, “చిన్నాన్నా, నన్నడిగితే ఏటి చెప్పాలి? చొక్కా మీద ఒడిశా అనే ఉంటాది. ఇంట్లో తెలుగోళ్ళం. ఆయన ఇండియా అనమంటన్నాడు. మూడూ చెప్తే ఊరుకుంటాడా?” అంది. నవ్వేశాను గాని జవాబు చెప్పలేదు. మొదటి సన్నివేశంలో తేడాలు చూడమన్న సినిమా, రెండో సన్నివేశంలో వాటిని గుమ్మం బయట వదిలి రమ్మంది. నాకు మొదటిదే నిజమనిపిస్తుంది. ఆ మొదటిది లేకపోతే రెండోది ప్రభుత్వ ప్రకటనలా ఉండేది.

ఇక ఓటమి సంగతి. కబీర్ ఖాన్ కథ మీర్ రంజన్ నేగీదే అని అందరూ అన్నారు. ఆయన జీవితచరిత్ర కాదని సినిమా తీసినవాళ్ళు చెప్పారు గాని, తెర మీద పిల్లలకు ఆట నేర్పింది మాత్రం ఆయనే. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో నేగీ మన గోల్‌కీపర్. మొదటి గోలు మనదే. ఆ తర్వాత పాకిస్తాన్ ఏడు కొట్టింది. మా ఇంట్లో రేడియో ముందు పెద్దవాళ్ళు మూడో గోలు దాకా వ్యాఖ్యాతను తిట్టారు, నాలుగో గోలు నుంచి గోల్‌కీపర్ని తిట్టారు, ఆరో గోలుకు రేడియో కట్టేశారు. ఏడో గోలు సంగతి మర్నాడు పేపర్లో చూశాను. అమ్ముడుపోయాడన్నారు. నేగీ ఆ మాట ఏళ్ళ తరబడి మోశాడు.

సినిమా ఈ ఏడు గోళ్ళను ఒక్క స్ట్రోకుకు కుదించింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఒక్క స్ట్రోకు తప్పిపోతే, కథ చివర మరో ఒక్క స్ట్రోకుతో ఆ బాకీ తీర్చవచ్చు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద జరిగేది అదే. గోల్లో నిలబడిన విద్యా శర్మ చివరి స్ట్రోకు ఆపుతుంది, కోచ్ అప్పు తీరిపోతుంది. ఏడు గోళ్ళ అప్పు ఎలా తీరుస్తారు? అసలు నేగీ జీవితంలో ఒక మంచి మలుపు ఉండనే ఉంది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన మగవాళ్ళ జట్టు ముప్ఫై రెండేళ్ళ తర్వాత బంగారు పతకం తెచ్చింది. ఫైనల్లో కొరియా మీద టైబ్రేకర్‌లో, గోల్‌కీపర్ ఆశిష్ బల్లాళ్ ఆపిన స్ట్రోకుల వల్ల గెలిచింది. ఆ జట్టులో గోల్‌కీపర్లకు ఆట నేర్పినవాడు నేగీ. పదహారేళ్ళు మాటపడ్డ మనిషి గీత బయట నిలబడి, తాను తర్ఫీదు ఇచ్చిన కుర్రవాడు బంతి ఆపడం చూశాడు. తర్వాత ఇంటికి పోయాడు. ఇందులో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, వెనక సంగీతం లేదు. అందుకే కాబోలు ఎవరూ సినిమాగా తియ్యలేదు.

‘గోల్డ్’ సంగతి మరీ చోద్యం. 2018 ఆగస్టు 15న వచ్చింది, రీమా కాగ్తీ దర్శకురాలు, అక్షయ్ కుమార్ నాయకుడు. స్వతంత్ర భారతం లండన్‌లో మొదటి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన కథ. 1948 ఆగస్టు 12న వెంబ్లీలో మనవాళ్ళు బ్రిటన్‌ను 4-0తో ఓడించారు. బల్బీర్ సింగ్ రెండు గోళ్ళు వేశాడు. నిన్నటిదాకా ఏలినవాడి ఇంట్లో, వాడి జనం ముందు, వాడికి ఒక్క గోలు కూడా ఇవ్వకుండా గెలిచారు. సినిమాలో ఇది 4-3 అయింది. ముందు ఓడబోయి తర్వాత గెలవాలి గదా! సున్నాలో ఉన్న గొప్పతనం తెరకు పనికిరాలేదు. బ్రిటిష్‌వాడికి ఆ మూడు గోళ్ళూ మన బొంబాయివాళ్ళే దానం చేశారు.

మన తెలుగులో ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’ వచ్చింది, 2021 మార్చిలో. సందీప్ కిషన్ నాయకుడు, డెన్నిస్ జీవన్ కనుకొలను దర్శకుడు. తమిళంలో వచ్చిన ‘నట్పే తుణై’కి ఇది మారు రూపం. అక్కడ కారైకాల్, ఇక్కడ యానాం. రెండూ పుదుచ్చేరివే గనుక కథతో పాటు ప్రభుత్వాన్ని మార్చే శ్రమ కూడా రచయితకు తప్పింది. యానాంలో ఉన్న మన పాఠకులు తమ ఊరు తెర మీద చూసుకుని సంతోషించి ఉంటారు, నేనూ సంతోషించాను. ఊరి హాకీ మైదానాన్ని రాజకీయ నాయకుడు కాజెయ్యబోతే పిల్లలు ఆడి కాపాడుకోవడం కథ. మైదానం పోవడం అనే భయం నిజమైనది, అది మనసుకు తగులుతుంది. ఆట మాత్రం ఫైటు సీను లాగే ఉంది. నాయకుడు దిగాక ఇంకెవరికీ బంతి అక్కర్లేదు. హాకీలో పదకొండు మంది ఉంటారని తెలుగు సినిమాకు చెప్పేవాళ్ళు ఇంకా రావాలి.

ఇప్పుడు అసలు ఆట ఎలా ఓడుతుందో చెప్పాలి. సినిమాలో ఓటమి మొదటి పావుగంటలోనే వచ్చేస్తుంది. మైదానంలో అది చివరి రెండు నిమిషాల్లో వస్తుంది. 2000 సెప్టెంబరు, సిడ్నీ. పోలండ్ మీద గెలిస్తే సెమీఫైనల్. జట్టులో ధన్‌రాజ్ పిళ్ళై ఉన్నాడు, మూడో ఒలింపిక్స్ ఆడుతున్న మన హైదరాబాదు ముకేష్ కుమార్ ఉన్నాడు, మా సుందర్‌గఢ్ దిలీప్ తిర్కీ ఉన్నాడు. 1-0తో ముందున్నాం. రెండు నిమిషాలు కూడా లేవనగా పోలండ్ గోలు కొట్టింది. 1-1, ఇంటికి. ఓడను కూడా లేదు చూడండి! ఓడకుండానే పోయింది. ఈ బాధకు సినిమాలో గది లేదు, ఎందుకంటే ఇందులో ద్రోహి లేడు. ఎవరి ఇంటి గోడ మీద ఏం రాస్తారు?

2018 డిసెంబరులో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళాను. మొదటి గోలు మనది, చివరికి నెదర్లాండ్స్‌ది 2-1. 2023 జనవరిలో మళ్ళీ అదే స్టేడియం, న్యూజిలాండ్. 2-0తో ముందున్నాం, తర్వాత 3-1తో. అది 3-3 అయింది. షూటౌట్‌లో శ్రీజేష్ ఆపుతూ ఆపుతూ దెబ్బ తగిలి కుంటుకుంటూ బయటికి పోయాడు. సడన్ డెత్‌లో ఓడాం. ఆ రాత్రి బరంపురం బండి కోసం స్టేషన్లో కూర్చున్నవాళ్ళం ముప్ఫై నలభై మందిమి ఉంటాం, ముఖాల మీద మూడు రంగులు చెమటకు కలిసిపోయి ఉన్నాయి. ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు, సుందర్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ కుర్రాళ్ళు. ఒకడు పల్లీల పొట్లం విప్పి అందరికీ పంచాడు. ఎవరూ ఆట గురించి మాట్లాడలేదు. ఏ భాషలో మాట్లాడాలన్న ఇబ్బంది ఆ రాత్రి ఎవరికీ రాలేదు. కబీర్ ఖాన్ ఉపన్యాసం లేకుండానే ఒక వరసలో కూర్చున్నాం.

2021 ఆగస్టులో టోక్యో. మగవాళ్ళు జర్మనీ మీద 5-4తో కాంస్యం గెలిచారు, నలభై ఒక్క ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం. చివరి ఆరేడు సెకన్లలో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను శ్రీజేష్ ఆపాడు. అరిచాను, వీధిలోకి వెళ్ళి మిఠాయి కొన్నాను. మర్నాడు ఆడవాళ్ళు బ్రిటన్‌తో కాంస్యం కోసం ఆడారు. 0-2తో వెనకపడి, 3-2తో ముందుకు వచ్చి, 3-4తో ఓడారు. గోల్‌కీపర్ సవిత ఏడుస్తుంటే ఇటు నేను ఏడ్చాను. అంతకు నాలుగు రోజుల ముందు వాళ్ళు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించినప్పుడు ‘చక్ దే’ నిజమైందని దేశమంతా అంది. నాలుగో స్థానం వచ్చాక ఆ పోలిక ఎవరూ తేలేదు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. అర్జెంటీనా చేతిలో సెమీఫైనల్ ఓడిన రోజు, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందువల్లే ఓడారని తిట్టారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు కేసు పెట్టారు. అదే ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోళ్ళు వేసిన అమ్మాయి వందన. ద్రోహి అన్న మాటను ‘చక్ దే’ చివర్లో గోడ మీంచి తుడిపించింది. తుడిచింది గెలిచాకే గదా అన్నదే నా పేచీ. గెలవకపోయి ఉంటే? ఆ పదహారు మందీ నాలుగో స్థానంతో వచ్చి ఉంటే, కబీర్ ఖాన్ తల్లి ఆ ఇంటి తాళం తియ్యగలిగేదా? ఓడినా ఆ తాళం తీసే హక్కు ఆవిడకు ఉందని చెప్పే సినిమా హాకీ మీద ఇంతవరకూ నేను చూడలేదు. వందన ఇంటి ముందు పోగైనవాళ్ళు కూడా చూసి ఉండరు.

2024 జనవరిలో రాంచీలో మన అమ్మాయిలు జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయారు. వారం తిరక్కుండా గణతంత్ర దినం వచ్చింది, ఏదో ఛానెల్లో మళ్ళీ ‘చక్ దే’ వేశారు. మా అన్నయ్య కూతురు పుట్టింటికి వచ్చి ఉంది, పిల్లను ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను. విద్యా శర్మ చివరి స్ట్రోకు ఆపినప్పుడు, ఎప్పట్లాగే, ఇద్దరం ఈల వేశాం.