తోటకు వారసులెవరు?

తార్నాక చౌరస్తాలో బస్సు దిగి విశ్వవిద్యాలయం వైపు నడిచేవాళ్ళలో ఆ పేరుకు అర్థమేమిటని ఆలోచించేవాళ్ళు తక్కువ. తార్ అంటే తీగ. నాకా అంటే కావలి చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి తోటల చుట్టూ ముళ్ళతీగ కట్టి, బయటివాళ్ళు జొరబడకుండా చౌకీ పెట్టారనీ, దానిమీదనే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు ఆ తోటలు లేవు, తీగా లేదు. కావలి మాత్రం పేరులో మిగిలిపోయింది. ఉస్మానియా ప్రాంగణం లేచిన అడిక్‌మెట్ నేల అంతకు పూర్వం మహ్ లఖా బాయి చందా జాగీరు. ఉర్దూలో దీవాన్ వెలువరించిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. ఆమె సమాధి ఇక్కడికి దగ్గరలోనే, మౌలాలి గుట్ట కింద, ఒక తోటలోనే ఉన్నది. జాగీరుదారు పేరు చరిత్రకెక్కింది, చౌకీ పేరు వాడకెక్కింది. చెట్లకు నీళ్ళు పోసినవాళ్ళ పేర్లు దేనికీ ఎక్కలేదు.

ఈ సంగతి నాకు నడకలో తోచినది కాదు, జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు తోచినది. ప్రబంధాలలో ఉద్యాన వర్ణన గురించి ప్రశ్న. ఒక విద్యార్థి రెండు పుటలు సక్రమంగానే రాశాడు. చివర మాత్రం తన గొడవ పెట్టాడు. వాళ్ళ తాత కొల్లాపురం దగ్గర మామిడితోటలో కావలి ఉండేవాడట. తండ్రీ ఆ గుడిసెలోనే పెరిగాడట. కాయను తొడిమతో కోయకపోతే సొన కారి మచ్చపడుతుందని తమ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసుననీ, కవులకు తెలిసినట్టు లేదనీ రాశాడు. నేను ఎర్రసిరాతో పక్కన ‘అప్రస్తుతం’ అని రాసి రెండు మార్కులు తీసేశాను. ఆ రెండు మార్కుల గురించే ఈ వ్యాసం.

అలంకారికులు కావ్యానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనలలో ఉద్యానం ఒకటి. దాని పక్కనే జలక్రీడ, మధుపానం ఉంటాయి. అంటే ఆ జాబితాలో తోట ఏ వరుసలో కూర్చున్నదో చూడండి: అది పని వరుస కాదు, విహారం వరుస. తోటలోకి నాయిక విరహంతో వస్తుంది, చెలికత్తెలు పూలు కోస్తారు, తుమ్మెదలు మూగుతాయి. కోయిల కూయని ప్రబంధం లేదు. పాదు చేసిన మనిషి కనిపించే ప్రబంధం వెతికితే గాని దొరకదు. ఆ కవుల్ని నేడు తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళు చదివి వినిపించిన సభలో పాదు చేసినవాడికి చోటు లేదు గనక వాళ్ళ పద్యంలోనూ లేదు. ఆ పద్యాలను పాఠంగా చెప్పే మనం ఆ లోటును కూడా పాఠంలో చెప్పకపోవటం తప్పు. 

ఆముక్తమాల్యద ఒక్కటి ఈ వరుసకు కొంత ఎడంగా నిలుస్తుంది. విష్ణుచిత్తుడు తులసి పెంచి, పూలు కోసి, దండ కట్టేవాడు. గోదాదేవి అతనికి దొరికింది ఆ తులసి వనంలోనే. అదే కావ్యంలో వానాకాలపు వర్ణనలో రెడ్లూ పొలాలూ కనిపిస్తాయి. రాజై ఉండి కృష్ణదేవరాయలు అంతదూరం చూశాడు. అయితే విష్ణుచిత్తుడి శ్రమను చూడగలిగింది అది కైంకర్యం గనకనే, కూలి కాదు గనకనే. చేతిపని దేవుడికోసమైతే కావ్యంలోకి వస్తుంది, పొట్టకోసమైతే రాదు. ఆధునిక కాలంలోనూ ఈ గీత చెరగలేదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వినని తెలుగువాడు లేడు. ఘంటసాల గొంతు దాన్ని ఊరూరికీ చేర్చింది. అందులో పూలు మాట్లాడతాయి, తమను కోసేవాళ్ళను నిలదీస్తాయి. జాలి నిజమైనదే, పద్యం అందమైనదే. తెల్లవారకముందే లేచి కూలికి మల్లెలు కోసే ఆడమనిషి ఆ పద్యం విని ఏమనుకుంటుందో మాత్రం మన విమర్శకులెవరూ అడిగినట్టు లేదు. పూవుకు నోరిచ్చిన కవిత్వం ఆమెకు ఇవ్వలేదు.

తోట మీద ప్రపంచ సాహిత్యంలో వచ్చిన గొప్ప రచన చెఖోవ్ ‘చెర్రీతోట’. 1904లో మాస్కోలో మొదటిసారి ప్రదర్శించారు. మన అభ్యుదయ పాఠకులకు కొత్తది కాదు గనక కథ చెప్పను. దాన్ని మనం చదివే తీరు ఒక మూసలో పడిపోయింది: పాత ప్రభువర్గం కూలిపోతున్నది, కొత్త వర్తకవర్గం లేస్తున్నది, దాసుల కొడుకు లోపాఖిన్ తన తాతతండ్రులు వెట్టి చేసిన ఎస్టేటునే వేలంలో కొన్నాడు. ఇదంతా సరే. ఇంత చెప్పి ఊరుకుంటే నాటకంలో ఒక ముఖ్యమైన చోటు దాటిపోయినట్టే. ముసలి నౌకరు ఫీర్స్ మొదటి అంకంలో ఒక మాట చెబుతాడు. నలభై యాభై ఏళ్ళ కిందట ఆ పళ్ళను ఎండబెట్టి బండ్లమీద మాస్కోకూ ఖార్కోవ్‌కూ పంపేవారు, డబ్బు వచ్చేది. ఇప్పుడు ఎందుకు లేదని అడిగితే, ఆ ఎండబెట్టే పద్ధతి మరిచిపోయారు, ఎవరికీ గుర్తులేదు అంటాడు. 

నా ఉద్దేశంలో తోట వేలమైనది నాలుగో అంకానికి ముందు కాదు, ఆ పద్ధతి మరిచిపోయిననాడే. రనెవ్‌స్కయాకు తోట అంటే తెల్లని పూత, బాల్యం, కన్నీళ్ళు. లోపాఖిన్‌కు ముక్కలు చేసి వేసవి ఇళ్ళకు అద్దెకిచ్చే జాగా. చెట్టు దగ్గర ఏం చెయ్యాలో ఆ ఇద్దరికీ తెలియదు. తెలిసిన తరం పోయింది. ఎవరూ ఆ తెలివిని వారసత్వంగా లెక్కవేయలేదు గనక దానికి దస్తావేజు లేదు, చివరికి జ్ఞాపకమూ లేదు. అంటే ప్రతి తోటలోనూ రెండు వంశాలు నడుస్తాయి: పట్టా వంశం ఒకటి, పని వంశం ఒకటి. సాహిత్యం ఇంతవరకు మొదటి వంశానికే వంశావళి రాసింది.

వేసవి ఇళ్ళ జాగా అన్నాను. దానికి రష్యా దాకా పోనక్కరలేదు. హైదరాబాదుకు ద్రాక్షను ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో నిజాములు తెచ్చారంటారు. అనాబ్-ఎ-షాహీ అనే పేరులోనే రాజరికం ఉన్నది. తరవాత నగరం చుట్టూ, మేడ్చల్, శామీర్‌పేట వైపున, రాతి కూసాల మీద తీగలల్లిన పందిళ్ళు లేచినవి. ద్రాక్షతోట మామిడితోట వంటిది కాదు, దానికి మనిషి చెయ్యి ఏడాది పొడుగునా కావాలి. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, వాన వెనకబడ్డాక అక్టోబరు ప్రాంతంలో మరొకటి. కొమ్మకు ఎన్ని కన్నులు వదిలి కొయ్యాలో అన్నదాని మీదనే ఆ ఏటి కాపు ఆధారపడుతుంది. ఒక కన్ను ఎక్కువైతే తీగ, తక్కువైతే నష్టం. గుత్తిలో గింజలు పలచన చేసే పని ఆడవాళ్ళది, తలపైకెత్తి చిన్న కత్తెరతో రోజంతా. ఆ మెడనొప్పికి మన సాహిత్యంలో ఒక్క వాక్యం ఉంటే చూపించండి. 

నగరం పెరిగింది. ఎకరం ధర ముందు ద్రాక్ష ధర ఎందుకూ చాలలేదు. పందిళ్ళు పీకి ప్లాట్లు చేశారు, పట్టా వంశంవాళ్ళు ఆ డబ్బుతో నగరంలోకి వచ్చారు. (కొన్ని వెంచర్లకు తోటల పేర్లే పెట్టారు. చెట్టును కొట్టి దాని పేరు అమ్ముకోవటం లోపాఖిన్‌కు కూడా తోచలేదు.) కన్నులు లెక్కపెట్టి కొయ్యటం తెలిసినవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళలో కొందరు ఆ ప్లాట్లమీద లేచిన భవనాల దగ్గరే కాపలా ఉన్నారు. తోట కావలి, ఇంటి కావలి అయింది.

ఇంతవరకు చదివిన అభ్యుదయ మిత్రులు సంతోషిస్తారు. ఇక్కడ నాకు వాళ్ళతోనే కొంత పేచీ ఉన్నది. స్టాఫ్‌రూములో ఒక సహోద్యోగి, పెద్దాయన, నాతో అన్నారు: “ఏమోయ్, తోట రైతు అంటేనే భూస్వామి. పొట్టకు లేనివాడు పదేళ్ళు ఆగే చెట్టు ఎక్కడ పెడతాడు? ఆయన కష్టాలు రాయటానికి ఆయన కులంవాళ్ళు ఉన్నారులే.” ఈ మాటకు బలం లేకపోలేదు. కాశ్మీరులో 1950లో పెద్ద కమతాల రద్దు చట్టం వచ్చినప్పుడు మనిషికి 182 కనాళ్ళు, అంటే దాదాపు 23 ఎకరాలు, గరిష్ఠ పరిమితి పెట్టారు. పండ్లతోటలను మాత్రం ఆ లెక్కనుంచి మినహాయించారు. దాంతో ఎందరో భూస్వాములు పొలాలను తోటలుగా చూపుకుని భూమి నిలబెట్టుకున్నారు. ఆపిల్ చెట్టు నీడలో ఫ్యూడలిజం దాక్కున్నదంటే అతిశయోక్తి కాదు. మన దగ్గరా అంతే. 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధు పట్టాదారుకు అందింది, కౌలుదారుకు అందలేదు. చట్టానికి కూడా పట్టా వంశమే కనిపిస్తుంది.

అయితే తోట రైతులందరినీ ఆ ఒక్క గాట కట్టెయ్యటం విశ్లేషణ కాదు, బద్ధకం. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో జరిగింది చూడండి. అక్కడ తోతాపురి మామిడి తినటానికంటె గుజ్జు ఫ్యాక్టరీలకే ఎక్కువ పోతుంది. కొనేవాడు అతడే, ధర చెప్పేవాడూ అతడే. ఆ ఏడు ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలూ ప్రభుత్వం 4 రూపాయలూ ఇచ్చేటట్టు నిర్ణయించారు. అయినా ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరినవి. కొందరు కాయలను రోడ్డుమీద పారబోశారు. ఆ ట్రాక్టరు మీద రాత్రంతా కూర్చున్న రెండెకరాల రైతు ఏ వర్గం? తాత నాటిన చెట్టు, తండ్రి బావి అప్పు, తన కాపు. భార్యాబిడ్డలే కూలీలు. కాయ పండితే ఒక్కరోజు ఆగదు, ఫ్యాక్టరీ వారం ఆగగలదు. బేరంలో ఎవడు గెలుస్తాడో చెప్పటానికి మార్క్స్ కూడా అక్కరలేదు. ఇతన్ని కాశ్మీరు భూస్వామి పక్కన కూర్చోబెడితే ఫ్యాక్టరీ యజమాని మనకు ధన్యవాదాలు చెబుతాడు. కావలివాడి పక్కన కూర్చోబెడితే కావలివాడు నవ్వుతాడు. ఇతని చోటు వేరు. ఆ చోటు చూపించవలసింది సాహిత్యం.

మరి ఎందుకు చూపించలేదు? రాయలసీమ కథ వేరుశనగ రైతును ఎంత బాగా పట్టుకున్నదో మనకు తెలుసు. సింగమనేని నారాయణ, మధురాంతకం రాజారాం వంటివాళ్ళు చెప్పిన మెట్ట రైతును మనం మరిచిపోలేము. తోట రైతు వాళ్ళ వెంట ఎందుకు రాలేదు? రచయితల నిర్లక్ష్యం అనటం తేలిక. నాకు తోచే కారణం శిల్పానికి సంబంధించినది. వేరుశనగ ఒక కారులో తేలిపోతుంది: విత్తనం, వాన కోసం ఎదురుచూపు, పంట లేదా ఎండు. అది చిన్నకథ కొలతకు సరిపోయే కాలం. మామిడి అంటు నాటితే కాపుకు రావటానికే నాలుగైదేళ్ళు, తరవాత మనిషి ఆయుష్షుకు మించి నిలుస్తుంది. అందులో ఒకడి అప్పు మరొకడి పండు అవుతుంది, ఒకడి తప్పు మరొకడి ఎండు కొమ్మ అవుతుంది. అన్నదమ్ములు విడిపోతే వరిమడికి గట్టు వెయ్యవచ్చు, చెట్టుకు ఎట్లా వేస్తారు? ఈ కాలం చిన్నకథలో పట్టదు, నవలకు కావాలి. ‘మాలపల్లి’ 1922లోనే ఒక పాలేరు కుటుంబాన్ని తరాల మధ్య నడిపించింది. ఆ దారిలో తోటలోకి మనవాళ్ళెవరైనా పోయి ఉంటే, రెండు వంశాల కథనూ ఒకే కంచెలోపల చెప్పి ఉంటే, ఈ వ్యాసం అక్కరలేకపోయేది.

రాయటానికి సరుకు లేదనే మాట నేను ఒప్పుకోను. తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు ఆపిల్ తోట వేశాడు. 2020లో కాయలు చేతికొచ్చినవి. పత్రికలు అద్భుతమన్నాయి. అడవిజిల్లా ఎండలో ఆపిల్ కాయటం వార్తే, కాదనను. హిమాచల్‌లో కోట్‌గఢ్ వాలుల మీద నూరేళ్ళ కిందట స్టోక్స్ అనే అమెరికన్ తన దేశపు ఆపిల్ మొక్కలు నాటినప్పుడు కూడా అది వింతే. ఇప్పుడు అక్కడ ఆ చెట్లమీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నవి. కాశ్మీరులో 2025 సెప్టెంబరులో జాతీయ రహదారి మూతపడి లారీలలోనే పళ్ళు కుళ్ళినప్పుడు ఏడ్చింది అటువంటి కుటుంబాలే. ధనోరా తోటకు ఇంకా మొదటి తరమే. అక్కడ చెట్టుకు కత్తిరింపు ఎవరు నేర్చుకుంటున్నారు, వాళ్ళది కూలా భాగమా, పండు ఏ మండీకి పోతుంది, ధర ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలతో అక్కడికి పోయే నవలాకారుడికి, మూడు తరాల తరవాత ఎవరో ఫీర్స్ వచ్చి మరిచిపోయామని చెప్పేదాకా ఆగవలసిన పని ఉండదు.

నేను తీసేసిన మార్కులు తిరిగి వెయ్యటానికి వీలు లేకపోయింది, పత్రాలు అప్పటికే కట్టలు కట్టి పంపేశారు. ఆ కుర్రవాడు ఎవరో కూడా నాకు తెలియదు, నా చేతికి వచ్చింది ఒక నంబరు మాత్రమే. ఈసారి తరగతిలో ఉద్యాన వర్ణన పాఠం చెప్పినప్పుడు పద్యం చదివాక పిల్లల్ని అడిగాను, మీలో ఎవరింట్లోనైనా తోటపని తెలిసినవాళ్ళున్నారా అని. అరవైమందిలో పదకొండుమంది చేతులెత్తారు. చివరి బెంచీ అమ్మాయి చిక్కంతో కాయ కోసేటప్పుడు గడను ఎటు తిప్పాలో లేచి నిలబడి, చేత్తో చూపించింది.