కంచె ఎక్కడ వెయ్యాలి?

కోడింగ్ పరీక్షలు పెట్టే సర్వర్ రోజంతా చేసే పని ఒకటే. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన ప్రోగ్రామును తన ప్రాసెసర్ మీద నడపడం. అలాంటి సర్వర్ కట్టబోయేవాళ్లకు మొదట తట్టే ఉపాయం, వచ్చిన కోడ్‌ను ముందే చదివి ప్రమాదకరమైన మాటలుంటే తిప్పి పంపెయ్యడం. పైథాన్‌లో ‘ఇంపోర్ట్ ఓఎస్’ అన్న వరస కనబడితే చాలు, ఆపేద్దామనుకుంటారు. అది నిలవదు. పైథాన్‌లో ఒక ఖాళీ టపుల్ తీసుకోండి, లోపల ఏమీ లేని రెండు బ్రాకెట్లు. నీ క్లాస్ ఏదని దాన్ని అడగొచ్చు. ఆ క్లాసుకు మూలమేదంటే ‘ఆబ్జెక్ట్’ అని చెబుతుంది. ఆబ్జెక్ట్‌కు నేరుగా పుట్టిన క్లాసులేవంటే ఇంటర్‌ప్రెటర్‌లో ఆ క్షణానికి ఉన్నవన్నీ వరసగా ముందుకొస్తాయి. వాటిలో ఒకదాని చెయ్యి పట్టుకుని ఓఎస్ మాడ్యూల్ దాకా నడిచిపోవచ్చు. ఇంపోర్ట్ అన్న మాట ఎక్కడా రాయనక్కర్లేదు.

అందుకే కోడ్‌లో ఏం రాసుందో వెతకడం మాని, దాని చేతికి ఏం అందాలో తేల్చుకోవాలంటాను. ఆ తేల్చే చోటు భాషకు బయట ఉండాలి. భాష లోపలే కాపలా పెట్టాలని గట్టివాళ్లే ప్రయత్నించారు. పైథాన్‌తో పాటు వచ్చిన రెక్సెక్ మాడ్యూల్ నమ్మదగింది కాదని తేలి, 2003లో 2.3 వెర్షన్‌తో దాన్ని పనిచెయ్యకుండా ఆపేశారు. పైశాండ్‌బాక్స్ రాసిన విక్టర్ స్టిన్నర్, 2013లో తన ప్రాజెక్టు విఫలమైందని తానే ప్రకటించారు. శాండ్‌బాక్స్‌ను పైథాన్ లోపల పెట్టడమే తప్పు, పైథాన్‌నే శాండ్‌బాక్స్‌లో పెట్టాలన్నారు. ఆ నిజాయితీ నాకు ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది. అయినా పదేళ్ల తర్వాత జావాస్క్రిప్ట్‌లో అదే జరిగింది. వీఎం2 లైబ్రరీలోంచి తప్పించుకునే దారులు ఒకదాని వెంట ఒకటి బయటపడి, 2023లో దాన్ని రాసినవాళ్లే వదిలేశారు.

బయట అంటే ఎక్కడ? ఫైలు తెరవాలన్నా, నెట్‌వర్క్‌లోకి వెళ్లాలన్నా ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగి తీరాలి. గేటు అక్కడుంది. 2005లో లినక్స్‌లోకి వచ్చిన సెక్‌కాంప్ మొదట్లో అనుమతించినవి నాలుగే పిలుపులు: చదవడం, రాయడం, ముగించడం, సిగ్నల్ నుంచి వెనక్కి రావడం. ఇంకేది అడిగినా ప్రోగ్రామ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. డాకర్ కంటైనర్ ఉందిగా, ఇంకేం కావాలి అని చాలామంది అడుగుతారు. కంటైనర్లు ఎన్నున్నా కింద కెర్నల్ ఒక్కటే. 2016లో బయటపడ్డ డర్టీ కౌ లోపం అందులో 2007 నుంచీ ఉంది. తొమ్మిదేళ్లు దాగిన పగులు మీద గదులు ఎన్ని కడితే ఏం లాభం? ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో వర్చువల్ మెషీన్ ఇవ్వడం ఖర్చన్న మాట ఒకప్పుడు నిజమే. 2018లో అమెజాన్ విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ ఆ లెక్క మార్చింది. దాని మైక్రో వీఎం 125 మిల్లీసెకన్లలో లేస్తుంది, అదనంగా పట్టే మెమరీ 5 ఎంబీ లోపే.

మా దగ్గర రాసేది విద్యార్థులే, వాళ్లకు చెడు ఉద్దేశాలెందుకుంటాయి అన్నది మరో అభ్యంతరం. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆగని లూప్‌కు ఉద్దేశంతో పనిలేదు. రెండు సెకన్ల సీపీయూ సమయమే ఇస్తామని పరిమితి పెడితే, స్లీప్ అని రాసిన ప్రోగ్రామ్ సీపీయూను ముట్టకుండా గంటల తరబడి కూర్చుంటుంది. అందుకే ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌ల కోసం పుట్టిన ఐసొలేట్ అన్న శాండ్‌బాక్స్‌లో గోడ గడియారం సమయానికి వేరే పరిమితి పెట్టుకునే వీలుంది. ప్రాసెస్‌ల సంఖ్యకూ హద్దుండాలి, లేకపోతే తన్ను తాను పుట్టించుకునే నాలుగు వరసల కోడ్ సర్వర్‌ను స్తంభింపజేస్తుంది. అందరూ మరిచేది నెట్‌వర్క్. క్లౌడ్ సర్వర్లో 169.254.169.254 అన్న చిరునామా ఒకటుంటుంది. లోపలి ప్రోగ్రామ్‌కు అది అందితే, ఆ సర్వర్‌కు అప్పగించిన తాత్కాలిక తాళాలు అక్కడే దొరకొచ్చు. ఆ దారి మూసి ఉందో లేదో పరీక్ష మొదలుపెట్టకముందే చూసుకోవాలి.