హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా ఊరి లైబ్రరీ కాలవగట్టు మీద రెండు గదుల పెంకుటిల్లు. సాయంత్రం అయిదింటికి మాస్టారు తాళం తీసి, అరుగు ఊడ్చి, చాపలు పరిచాకే పుస్తకాల బీరువా తెరిచేవారు. చదువురాని రైతుల కోసం పేపరు పైకి చదివేవారు. ఎరువుల ధర వచ్చిందంటే రెండోసారి కూడా చదవాల్సిందే. హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఉత్తరం రాయించుకోవడానికి ఒక పెద్దామె వచ్చేది. చెబుతూ చెబుతూ గొంతు పట్టేసి ఆగిపోయేది. మాస్టారు కలం పట్టుకుని అలాగే కూర్చునేవారు, ఒక్కసారీ తొందరపెట్టలేదు.

ఆ మాస్టారి వెనక పెద్ద పరంపరే ఉంది. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సభ చేశారు. రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు. 1935లో పెదపాలెం పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించి కాలవ వెంట ఊళ్లకు పంపారు. ఆ గ్రంథాలయోద్యమం మొత్తంలో నాకు ఆ పడవంటేనే ఎక్కువ ఇష్టం.

మాస్టారిలా వేళకు తలుపు తీసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో వరదలో చూశాం. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచింది. తడిబట్టలతో మా వీధికి చేరినవాళ్లను కమ్యూనిటీ హాలుకు తీసుకెళ్తే తలుపుకు తాళం. తాళంచెవి ఉన్నాయన ఊళ్లో లేరు. చంటిపిల్లతో ఒక తల్లి గంటన్నర మెట్ల మీదే కూర్చుంది. లోపల ఫ్యాన్లు, బాత్రూములు, పెళ్లివంటల గిన్నెలు అన్నీ ఉన్నాయి. తలుపు తెరుచుకున్నాక ఆ రాత్రే పొయ్యి వెలిగింది. ఇంటికింత బియ్యం పోగై పులిహోర అయింది. మూడోనాటికి ఎవరికి షుగరు మాత్రలు అయిపోయాయో, ఎవరి పట్టాకాగితాలు తడిశాయో వీధంతటికీ తెలుసు.

వరద తీసింది. హాలుకు మళ్లీ తాళం పడింది. ఇది తప్పు. జనం డబ్బుతో కట్టిన హాలు పెళ్లిళ్లకే తెరవడం అన్యాయం. పింఛను ఫారం నింపలేని తాత, ఒంటిగది ఇంట్లో పరీక్షకు చదువుకునే పిల్ల ఈ వీధిలోనే ఉన్నారు.

అందుకే పట్టుబట్టి మూడు తాళంచెవులు చేయించాం. రోజూ అయిదు నుంచి ఎనిమిది దాకా వంతులవారీగా తెరుస్తున్నాం. పేపరు చదివే వంతు నాది. మీ వార్డు హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ ఆదివారం వెళ్లి అడగండి. ఒక్కటే ఉందంటే, రెండోది మీరే చేయించండి.