పాయింట్ల వేటలో ఊరి చరిత్ర: ఆన్ ఆర్బర్ గ్రంథాలయ వేసవి ఆట - ఒక విమర్శ

గ్రంథాలయం ఆరుబయట ఆట నిర్వహించినంత మాత్రాన స్థానిక చరిత్రను బోధించినట్లేనా? అమెరికాలోని రెండు ప్రయోగాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ ప్రశ్న స్పష్టమవుతుంది. 2007లో వెర్మాంట్ రాష్ట్రంలోని మాంట్‌పీలియర్‌లో ఆన్ ఫెర్గూసన్ ప్రారంభించిన ‘స్టోరీవాక్’లో బొమ్మల పుస్తకం పుటలను విడదీసి నడకదారి పొడవునా నిలుపుతారు. పిల్లలు నడుస్తూ కథ చదువుతారు. ప్రయోజనకరమైన ప్రక్రియే. అయితే అదే కథను ఏ ఊరి దారిలోనైనా నిలపవచ్చు. ఆ స్థలానికి ఆ కథతో పని లేదు.

మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ జిల్లా గ్రంథాలయం 2011 నుంచి నిర్వహిస్తున్న వేసవి ఆట ఇందుకు భిన్నం. ఊళ్లో పలుచోట్ల ఉంచిన సంకేతపదాలను వెతికి, గ్రంథాలయ వెబ్‌సైటులో నమోదు చేస్తే పాయింట్లు వస్తాయి. కొన్ని చిక్కుప్రశ్నలు విడాలంటే పాత పత్రికలు తిరగేయాలి. 2009లో మూతపడిన ‘ఆన్ ఆర్బర్ న్యూస్’ దినపత్రిక వార్తల, ఛాయాచిత్రాల భాండారం ఈ గ్రంథాలయానికే చేరింది. ఆటకు బలం అదే. సాధారణంగా పరిశోధకులకే పట్టే పాత పత్రిక పదేళ్ల పిల్లల చేతికి అందడం చిన్న విషయం కాదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఆటలోని ప్రశ్నకు ఒకే సమాధానం ఉండాలి. లేకుంటే పాయింట్లు లెక్కించడం సాధ్యపడదు. అదే ఊరిలోని జోన్స్ పాఠశాల ఇందుకు తగిన ఉదాహరణ. ఆ బడిలో అధిక సంఖ్యాకులు నల్లజాతి పిల్లలు. జాతి వేర్పాటును తొలగించే పేరిట 1965లో దానిని మూసివేసి, వారిని ఇతర పాఠశాలలకు పంపారు. ఆ భవనంలో నేడు కమ్యూనిటీ హైస్కూలు నడుస్తున్నది. దాని గుమ్మం వద్ద సంకేతపదం ఉంచి, బడి మూతపడిన సంవత్సరం అడిగితే ‘1965’ అన్న జవాబుతో ఆట ముగుస్తుంది. బడి పోయాక ఆ పేట ఏమైంది, కొత్త బడుల్లో పిల్లలు ఏమి ఎదుర్కొన్నారు అన్నవి పాయింట్లకు లొంగవు. పత్రికలోనూ వీటికి పూర్తి సమాధానం దొరకదు. పత్రిక ఎవరిని పలకరించిందో వారి మాటే అందులో మిగులుతుంది. (మెకంజీ కైఫీయత్తులతో పనిచేసిన తెలుగు పరిశోధకులకు ఇది తెలిసిన ఇబ్బందే: వాటిలో కరణం గొంతు వినిపించినంతగా పాలేరు గొంతు వినిపించదు.)

ఈ లోటు గ్రంథాలయానికి తెలియదనలేం. స్థానిక ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంతో కలిసి పెద్దల మౌఖిక చరిత్రలను రికార్డు చేసింది; జోన్స్ పాఠశాల మూసివేతపై డాక్యుమెంటరీ వెలువరించింది. ఆ గొంతులకు ఆటలో ఎలాంటి చోటు ఇవ్వాలన్నదే చర్చనీయాంశం. పూర్వ విద్యార్థుల మాటలను ఆ బడి మెట్ల మీదే వినిపించవచ్చు, విన్నవారు తమ ఇంటి జ్ఞాపకాన్ని జోడించే వీలు కల్పించవచ్చు. ఆ ఘట్టానికి మాత్రం పాయింట్లు ఉండకూడదు. ఉంటే, తరువాతి సంకేతపదం కోసం తొందరపడే పిల్లలు రికార్డింగును సగంలోనే ఆపి పరుగెత్తుతారు.