రెండంగుళాల లెక్క

పాత స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామంది ముందుగా చేసే పని దాన్ని నేలకు దింపడం. టైరుకూ ఫెండర్‌కూ మధ్య ఖాళీ కనిపిస్తే వాళ్ల కంటికి ఆనదు. నేలను కరుచుకున్న కారు ఫొటోలో ముచ్చటగా ఉంటుంది, కాదనను. అయితే సోమవారం పొద్దున అదే కారులో ఆఫీసుకు వెళ్లాలి, సాయంత్రం కూరగాయలు తేవాలి, ఆదివారం గుడి దగ్గర పార్కింగ్ ఏటవాలు ఎక్కాలి. అందం అక్కడ పనికిరాదు.

నా దగ్గరున్నది 1972 నాటి డాట్సన్ 240జెడ్. మేముండే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో రోజూ దాన్నే వాడతాను. నా చేతికొచ్చేసరికే అది రెండంగుళాలు దిగి ఉంది. ఎవరో స్ప్రింగుల చుట్లు కోసేశారు. నునుపైన రోడ్డు మీద అరగంట నడిపితే రేసుకారే అనిపించేది. 880 ఫ్రీవే మీద కాంక్రీటు పలకల అతుకులు మొదలయ్యాయంటే మాత్రం ప్రతి అతుకూ వెన్నుపూసకు తెలిసేది. ఒకవైపు చక్రం గతుకులో పడితే స్టీరింగ్ దానంతటదే పక్కకు లాగేది. మా ఆవిడ రెండుసార్లు ఎక్కి, "ఏవండీ, ఇంత డబ్బు పోసి కొన్నది ఎద్దులబండి సుఖం కోసమా?" అంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఈ కారు చరిత్రలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. 1969లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వెలువడి, 1970 మోడల్‌గా అమెరికాకు 240జెడ్ పేరుతో వచ్చింది. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, టన్నుకు కాస్త మించిన బరువు. దాన్ని ఇక్కడ నిలబెట్టిన యుటాకా కటయామాను జెడ్ అభిమానులు ఇప్పటికీ మిస్టర్ కె అనే పిలుస్తారు. పీటర్ బ్రాక్ నడిపిన బీఆర్ఈ రేసింగ్ జట్టు ఈ కారును బాగా కిందికి దింపి ట్రాక్ మీద పరిగెత్తించింది. జాన్ మోర్టన్ 1970, 1971లలో వరసగా అమెరికా రేసింగ్ క్లబ్ ఎస్‌సీసీఏ సి ప్రొడక్షన్ తరగతిలో జాతీయ విజేత అయ్యాడు. అదే 1971లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచిందీ 240జెడ్డే. 1973లో మళ్లీ గెలిపించినవాడు ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతి డ్రైవర్ శేఖర్ మెహతా. బురద, గుంతలు, రాళ్లు నిండిన ఆ దారుల్లో నేలను కరుచుకున్న కారు పది మైళ్లు కూడా పోలేదు. కాబట్టి ర్యాలీ కార్లు ఎత్తుగా నిలబడేవి, వాటి చక్రాలకు పైకీ కిందికీ ఆడేందుకు బోలెడు చోటుండేది.

నాకు నచ్చే సంగతి ఇదే: ఒకే కారు రెండు ఎత్తుల్లో గెలిచింది. ఏ ఎత్తు మంచిదో రోడ్డే చెప్పాలి. మన రోజువారీ రోడ్డు ట్రాకూ కాదు, సఫారీ దారీ కాదు. రోడ్డుకు తగ్గ ఎత్తేదో తేల్చుకోకుండా విడిభాగాలు కొంటూ పోతే డబ్బు పోతుంది, నడక మారదు.

దింపిన కారులో మొదట తరిగేది చక్రం ఆడే చోటు. మెత్తటి స్ప్రింగు మీద కారు ఎక్కువగా కుంగుతుంది. సెకనుకు 1.2 సార్లు ఊగే స్ప్రింగు కారు బరువుకే సుమారు 17 సెంటీమీటర్లు కుంగుతుంది. 1.5 సార్లు ఊగేదైతే 11, రెండుసార్లు ఊగేదైతే 6. ఇప్పుడు చక్రం పైకి పోవడానికి బంప్ స్టాప్ అనే అడ్డు దాకా 5 సెంటీమీటర్లే మిగిలిందనుకోండి. 1.2 స్ప్రింగుతో ఆ మూల చక్రం మీద బరువు ముప్పై శాతం పెరిగితే చాలు, చోటు అయిపోతుంది. ఆపైన దెబ్బంతా బాడీకే. దాన్ని తప్పించాలంటే స్ప్రింగు గట్టిపడాలి, గట్టిపడితే నడుము నొప్పి. అంటే ఎత్తు తగ్గించినవాడు తనకు తెలియకుండానే స్ప్రింగునూ ఎంచుకున్నట్టే. కోసిన స్ప్రింగు ఈ పనికి చాలదు. ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం ఏడో వంతు పెరుగుతుంది, అంతే. పైగా కారును జాక్ మీద లేపినప్పుడు అది తన గూట్లో వదులుగా ఆడుతుంది.

రెండో నష్టం కంటికి కనిపించదు. జెడ్ ముందు చక్రాలది మెక్‌ఫర్సన్ స్ట్రట్. కింద ఒక ఆర్మ్, పైన నిలువు స్ట్రట్. మామూలు ఎత్తులో ఆ ఆర్మ్ బయటి కొస కాస్త కిందికి వాలి ఉంటుంది. కారు దిగేకొద్దీ అది అడ్డంగా పడుకుంటుంది, ఇంకా దిగితే కొస పైకి తేలుతుంది. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. కారు బరువు కేంద్రం రెండంగుళాలు దిగితే ఈ బిందువు అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. పొడుగు గునపానికి బండరాయి సులువుగా లేచినట్టే, ఆ దూరం పెరిగితే అదే మలుపు బాడీని మరింత ఒరిగిస్తుంది. దింపితే ఒరుగు తగ్గుతుందని చాలామంది నమ్మకం. స్ట్రట్ కారును హద్దు దాటి దింపితే జరిగేది అందుకు వ్యతిరేకం.

స్టీరింగ్ లాగడానికి కారణం కూడా ఇదే కుటుంబంలోది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆర్మ్ ఒక వంపు గీస్తుంది, టై రాడ్ ఇంకో వంపు గీస్తుంది. కంపెనీ పెట్టిన ఎత్తు దగ్గర ఈ రెండు వంపులూ దాదాపు కలిసి నడుస్తాయి. ఎత్తు మారితే విడిపోతాయి, గతుకు పడ్డప్పుడల్లా చక్రం తనంతట తాను తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. జెడ్‌లో దీనికి చవకైన మందుంది. స్ట్రట్ అడుగుకూ స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య ఒక అల్యూమినియం బిళ్ల పెడతారు. బాల్ జాయింటూ టై రాడ్ కొసా ఆ ఆర్మ్‌కే ఉంటాయి కాబట్టి రెండూ కలిసి కిందికి దిగుతాయి, పాత కోణాలు చాలావరకు తిరిగొస్తాయి. చిన్న రిమ్ములకు ఆ బిళ్ల దగ్గర చోటు చాలుతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

ఈ లెక్కలన్నీ చూసి షాకులు, స్ప్రింగులు కొనడానికి ఎగబడకూడదు. నా వరసలో మొదటిది టైరు. తక్కువ తిరిగే పాత కార్లలో టైరు గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయైపోతుంది. పక్కగోడ మీద డాట్ అంకెల్లో చివరి నాలుగూ చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. రబ్బరు గట్టిపడిన టైరుతో ఏ సస్పెన్షనైనా చెడ్డదిగానే తోస్తుంది.

రెండోది బుష్‌లు. యాభై ఏళ్ల రబ్బరు పగిలి, నూనె తాగి, వదులైపోయి ఉంటుంది. స్టీరింగ్ రాక్‌ను పట్టే బుష్‌లు మార్చగానే ఫ్రీవే మీద కారు అటూ ఇటూ తిరగడం చాలావరకు ఆగింది. వెనక చక్రాల దగ్గర స్పిండిల్ పిన్ అనే పొడుగాటి కడ్డీ ఉంటుంది. అది తుప్పుపట్టి ఎంత మొండిగా బిగుసుకుంటుందో జెడ్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. దాన్ని బయటికి తీయడానికి నూనె, వేడి, ప్రెస్సు, ఓపిక అన్నీ కావాలి. కొత్త రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా బిగించకూడదు. కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు నిలబడిన చోటే మెలితిరిగి ఉండి తొందరగా చిరుగుతుంది. అన్నిచోట్లా పాలియురెథేన్ వేయడం మరో మోజు. ముందు ఆర్మ్‌ను వెనక్కి పట్టే టెన్షన్ రాడ్‌కు రెండువైపులా గట్టి బుష్‌లు వేస్తే, చక్రం ఆడినప్పుడు కోణం మారడానికి వీల్లేక రాడ్డే వంగుతుంది. అలా వంగి వంగి ఎప్పుడో ఒకరోజు విరుగుతుంది. ఒకవైపు మెత్తదనం ఉండి తీరాలి.

ఆ తరవాతే షాకులూ స్ప్రింగులూ. స్ట్రట్ గొట్టం పొడవు పాతదే ఉంచి, కారును మాత్రం దింపితే లోపలి షాక్ ముప్పావువంతు మూసుకునే ఉంటుంది. గొట్టాన్ని కోసి, పొట్టిచేసి, వెల్డింగ్ చేయించి పొట్టి షాక్ వేస్తే ఆ చోటు తిరిగొస్తుంది. ఆ పని వెల్డింగ్ బాగా తెలిసినవాడికే అప్పగించాను. సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగే స్ప్రింగులు ఎంచుకున్నాను, వాటికి తగ్గట్టు షాక్ తిరిగి సాగేటప్పటి బిగువును సర్దుకున్నాను. కారును సుమారు 2 సెంటీమీటర్లు పైకి లేపాను. చక్రం ఆడే చోటు ఇంకా పెరిగింది. మలుపులో ఒరుగును కొంచెం లావైన యాంటీ రోల్ బార్ చూసుకుంటుంది. కానీ దాన్నీ మితంగానే వాడాలి. ముందు మరీ లావైతే కారు మలుపు తిరగనని మొండికేస్తుంది, ఒకవైపు గతుకు రెండోవైపుకూ తెలుస్తుంది.

చివరన అలైన్‌మెంట్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ కారు ముందు చక్రాల కేంబర్‌ను, అంటే చక్రం నిలువు నుంచి ఒరిగే కోణాన్ని, దిద్దుకునే సౌకర్యమే లేదు; చక్రాల ముందువైపులు లోపలికో బయటికో తిరిగే టో ఒక్కటే కదులుతుంది. సర్దుకునే టాప్ ప్లేట్లు వేసి కేంబర్ ఒక డిగ్రీ దాకా లోపలికి, కొద్దిపాటి టో ఇన్ పెట్టించాను. అలైన్‌మెంట్ చేసే పెద్దాయన డ్రైవర్ సీట్లో నా బరువంత ఇసుక మూటలు పెట్టి, పెట్రోలు సగం ట్యాంకు ఉందో లేదో చూసిగాని కొలత మొదలుపెట్టడు. ఖాళీ కారుకు చేసిన అలైన్‌మెంట్ ఖాళీ కారుకే పనికొస్తుందని ఆయన మాట.

ప్రతి మార్పు తరవాతా అదే దారిలో నడిపాను. నైల్స్ కాన్యన్‌లో వాగు వెంట మెలికలు తిరిగే రోడ్డూ, తిరుగు ప్రయాణంలో 680 ఫ్రీవే. ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు పనులు కలిపి చేస్తే ఏది ఏం చేసిందో తేల్చుకోలేం, మంచి జరిగినా చెడు జరిగినా నేర్చుకునేది ఉండదు. టైరు గాలి రెండు పౌండ్లు తగ్గించడం కూడా నా పుస్తకంలో ఒక మార్పే.

ఇప్పుడు కారు చూసిన స్నేహితులు మొదట అడిగేది, "అదేంటి, పైకి లేపావు?" అని. ఒక చుట్టు తిప్పి తీసుకొస్తే రెండోసారి అడగరు. నా మటుకు నాకు తేలింది ఇది. పాత కారును బాగుచేయడమంటే ఎక్కువసార్లు కొత్తది చేర్చడం కాదు, పాత తరం ఇంజనీరు లెక్క కట్టి పెట్టినదాన్ని తిరిగి ఇవ్వడమే. ఆ లెక్కను మార్చే హక్కు మనకు ఉంది, ఆయనకు మన రోడ్డూ మన టైర్లూ తెలియవు కదా. కానీ ఆయన ఎందుకలా పెట్టాడో తెలుసుకున్నాకే ఆ హక్కు వాడుకోవాలి. మీ కారు కూడా ఎవరో దింపేసి ఉంటే, కేటలాగ్ తెరవకముందే ఒక టేపు పట్టుకుని కింద దూరండి. బంప్ స్టాప్ దాకా ఎంత మిగిలిందో కొలవండి. ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ కొలతే చెబుతుంది.